అష్టమి మోగలేదు

నాలుగో స్తంభం పైకాపు దినచర్య. రాసేది మంగతాయి.

శుద్ధ పంచమి

పొద్దున్నే గుర్తు మోగింది. ఉప్పు గీకాలంది, వాన తొట్టె మూత తీయాలంది, సత్యవేణి జల్లెడ తిరిగిచ్చెయ్యాలంది. అన్నీ చేసి నల్లతెర మీద "అయింది" అని కొట్టాను. కొట్టేదాకా నోరు మూయదు ఆ గంట. మా తాతల కాలంలో మాట్లాడే యంత్రాలుండేవట. ఏం తినాలో, ఎవర్ని పెళ్ళాడాలో కూడా అవే చెప్పేవట. విసుగెత్తిపోయి వాటన్నిట్నీ సముద్రంలో పడేసి, గుర్తు అనే ఈ చిన్నదాన్ని మాత్రం ఉంచుకున్నారు. దీనికి తెలిసిన మాటలు పెట్టు, చూపు, అయింది. తిథి చెప్పి పని పెడితే ఆ తిథి నాడు మోగుతుంది, అంతే. తారీఖులు మాకు పనికిరావు. కిందున్న సముద్రం చంద్రుడి మాట వింటుంది, దాని మీద బతికే మేమూ తిథులనే వింటాం.

అబ్బులు కింద ఉన్నాడు, నేను పైన ఉన్నాను, ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఆయన నా మొగుడు. ఎందుకు దిగాడో కూడా రాసి పెడతాను, రేపు నా మీద నేరం మోపకుండా. పులుసులో ఉప్పెక్కువైందన్నాడు. చుట్టూ సముద్రం పెట్టుకుని ఉప్పు తక్కువెలా అవుతుందయ్యా అన్నాను. అంతే, అలిగాడు.

సముద్రం మీద స్తంభాలెత్తి కట్టిన మా నీలిమెట్టలో అలిగినవాళ్ళు కిందికి దిగుతారు. పోవడానికి ఇంకో చోటేదీ? ప్రతి స్తంభం అడుగునా ఒక గది ఉంది. తుప్పు గీకడం, పగుళ్ళు పూడ్చడం అక్కడి పని. ఎవరైనా దిగొచ్చు. దిగాక తలుపు దానంతటదే మూసుకుంటుంది, లోపలివాళ్ళు తీయలేరు. గుర్తు మోగితేనే గడియ వదులుతుంది, అప్పుడు పైన కాపలా ఉన్న మనిషి, అంటే పైకాపు, చక్రం తిప్పాలి. అదీ పోటు మెత్తబడే రోజుల్లోనే, అంటే సప్తమి నుంచి దశమి దాకా. ఆ తర్వాత తీస్తే సముద్రం లోపలికొచ్చేస్తుంది. అందుకని దిగేవాళ్ళు తమ రాకను తమ చేత్తోనే పెట్టుకుని దిగుతారు. సప్తమికొకటీ దశమికొకటీ పెట్టుకోవడం మా ఊరి అలవాటు. అష్టమి నాడు ఎవరూ ఏ పనీ పెట్టరు, మంచిది కాదని.

"అష్టమి మాత్రం పెట్టుకోకు" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"నువ్వొద్దన్నావు గాబట్టి అష్టమే పెడతాను. అదొక్కటే పెడతాను" అని నా ఎదురుగానే టకటకా కొట్టి, దిగిపోయాడు. మొండిఘటం!

శుద్ధ షష్ఠి

డాబా మీది అద్దపు కన్ను తుడవడానికి వీర్రాఘవులు బాబాయి వచ్చాడు. గుర్తు బాగోగులు చూసేది ఆయనే. ఊరు మొత్తానికీ తెల్లారిందని గుర్తుకి చెప్పేది ఆ ఒక్క కన్నే గనక దాని మీద ఉప్పు పేరుకోనివ్వడు.

"అబ్బులెప్పుడొస్తాడమ్మాయ్?" అన్నాడు గుడ్డ పిండుతూ.

"అష్టమికండి బాబాయ్. గాలి సిలిండర్లు నిండా పట్టుకెళ్ళాడు లెండి. అష్టమి రాత్రిదాకా సరిపోద్దన్నాడు."

"అష్టమే? మొండోడే! నాకూ ఈ అష్టమీ నవమీ పట్టింపుల్లేవనుకో. మా ఇంట్లోనూ..." అని ఆగిపోయి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

మా ఇంట్లో అంటే ఆయన భార్య కనకవల్లి. ఆవిడ పేరు ఆయన ముందు ఎవరూ ఎత్తరు. ఎప్పటి మాటో అది. ఇద్దరూ ఊరంతా వినేలా పోట్లాడుకున్నారు. మర్నాడు ఆవిడ సంచి భుజాన వేసుకుని మా గుమ్మం ముందు నుంచే వెళ్ళింది. ఎక్కడికని నేనడగలేదు, ఎవరూ అడగలేదు. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడిగితే మా ఊళ్ళో మళ్ళీ మొహం చూడరు. వెళ్ళేవాళ్ళ సంగతి గుర్తుకి తెలుసు, మనకెందుకు? ఆ రోజే సరుకుల పడవ వెళ్ళింది. కనకవల్లి ఆ పడవెక్కి పారిపోయిందని ఊరు తేల్చేసింది. ఆయన ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. వాళ్ళింటి ముందుండే మూడో స్తంభం పగుళ్ళిచ్చి మూతపడ్డాక ఆయన మా వైపుకి మకాం మార్చేశాడు.

శుద్ధ సప్తమి

చేపల పులుసుకి ఎండు మెత్తళ్ళు నానబెట్టాను. ఈసారి ఉప్పు తగ్గించి చేద్దామని ఉంది. ఆయన మాట విని కాదు, నాకే అలా తోచింది.

సాయంత్రం డాబా ఎక్కితే చంద్రుడు సగానికి విరిచిన అప్పడంలా ఉన్నాడు. రేపు అష్టమి. రేపు మోగుతుంది. నిజం చెప్పొద్దూ, ఇల్లు మరీ ఇంత ప్రశాంతంగా ఉంటే నాకూ తోచడం లేదు. తిట్టడానికైనా మనిషుండాలి కదా.

శుద్ధ నవమి, పొద్దున

పులుసు పొయ్యి మీద ఉంది. ఇవాళ వస్తాడు. తెల్లారగానే గుర్తు మోగితే చక్రం దగ్గరికి పరిగెత్తాను. తీరా చూస్తే నాచు ఆరబెట్టాలట! ఆరబెట్టి "అయింది" కొట్టాను. మళ్ళీ మోగింది. బాతుల తొట్టె కడగాలట. కడిగాను.

పొద్దెక్కింది. తలుపు గంట మాత్రం ఉలకదు, పలకదు.

పక్కింటి సత్యవేణి పిట్టగోడ మీంచి తొంగి చూసింది. "వదినా, మీ స్తంభం కొట్టుకుంటోంది, విన్నావా? టంగు టంగుమంటా..."

"విన్నాను. దుంగేదో కొట్టుకొచ్చి తగులుతున్నట్టుంది."

"అన్నయ్య రావాలిగా?"

"ఇవాళే. ఇంకా మోగలేదు."

"మోగలేదా? అయితే వేళ కాలేదన్నమాట" అని తన పనిలోకి పోయింది. నేనూ అంతే అనుకున్నాను.

గుర్తు మోగకుండా పని ముట్టుకోకూడదు. దాన్ని ముందుచేత అంటారు. ఒకప్పుడు ఇద్దరు పెద్దమనుషులు, మాకు జ్ఞాపకం ఉందంటే మాకు జ్ఞాపకం ఉందని, చెరొకవైపు తూము తెరిచి రెండో స్తంభాన్ని ముంచేశారు. అప్పట్నుంచీ జ్ఞాపకం అనే మాటంటేనే మా ఊరికి భయం. ముందుచేత చేసినవాళ్ళని పడవెక్కించి పంపేస్తారు, మళ్ళీ రానివ్వరు. ఆయన రావాల్సింది ఇవాళేనని నాకు తెలుసు. కానీ నాకు తెలిస్తే సరిపోదు. తెలియాల్సింది గుర్తుకి.

స్తంభం ఇంకా కొట్టుకుంటూనే ఉంది. వెధవ దుంగ.

శుద్ధ నవమి, సాయంత్రం

కంగారులో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే పోనీ.

నాచు తీయడానికి డాబా ఎక్కి తలెత్తాను. చంద్రుడు సగం లేడు. సగం దాటి పొట్ట ముందుకొచ్చింది. అష్టమి చంద్రుడికి పొట్టేమిటి? నాచు అక్కడే పడేసి తెర దగ్గరికొచ్చాను.

గుర్తు చూపు తిథి, అని కొట్టాను.

"నవమి" అంది.

అయ్యబాబోయ్! నిన్న సప్తమి. నా కళ్ళతో చూశాను, నా చేత్తో రాశాను. ఈ దినచర్య పేజీల మీద తిథి అచ్చు వేసేది అదే, నేను పట్టించుకోను. పైకి చూస్తే పొద్దుట రాసినదాని మీద కూడా నవమి అనే ఉంది. నిన్న సప్తమీ ఇవాళ నవమీ అయితే మధ్యలో అష్టమి ఎటు పోయింది? తిథిని ఎవరైనా ఎత్తుకుపోతారా?

గుర్తు చూపు అబ్బులు, అని కొట్టాను.

"నాలుగో స్తంభం తలుపు తీయాలి. శుద్ధ అష్టమి. ఇంకా రాలేదు."

ఇంకా రాలేదట. అష్టమి ఇంకా రాలేదట! స్తంభం టంగుమంటోంది. ఇందాకటంత గట్టిగా లేదు. దుంగ కాదు. ఓరి దేవుడో, అది దుంగ కాదు.

శుద్ధ దశమి, పొద్దున

నిన్న రాయడం ఎక్కడాపానో అక్కడి నుంచే పరిగెత్తాను. చెప్పుల్లేవు, తలకి ముడి లేదు. వీర్రాఘవులు బాబాయి అన్నం కలుపుకుంటున్నాడు.

"బాబాయ్, అష్టమి మోగలేదు!"

"రేపు మోగుద్దిలేమ్మా."

"రేపు దశమండి! ఇవాళ నవమి! అష్టమి రాకుండానే పోయింది!"

కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కళ్ళు మూసుకుని వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. లెక్క పూర్తయ్యేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"క్షయతిథి" అన్నాడు. "పొద్దు పొడిచేటప్పుడు ఏ తిథుంటే ఆ రోజుకి ఆ పేరమ్మా. మొన్నటి పొద్దు పొడిచాక... కాదు, నిన్నటి పొద్దు పొడిచాక అష్టమి వచ్చింది. ఇవాళ్టి పొద్దు పొడవకుండానే వెళ్ళిపోయింది. గుర్తు రోజుకి ఒక్కసారే చూస్తుంది, తెల్లారినప్పుడు. నిన్న చూస్తే సప్తమి. ఇవాళ చూస్తే నవమి. దాని లెక్కలో అష్టమి రానే లేదు. ఏ నెలలో పెట్టిన పని ఆ నెలకే గనక వచ్చే నెల అష్టమికీ మోగదు."

"మరి ఇన్నేళ్ళూ ఎవరికీ తెలీలేదేంటండి?"

"అష్టమి నాడు పని పెట్టేదెవరు? దిగినోళ్ళు సప్తమికీ దశమికీ రెండు పెట్టుకుంటారు. ఒకటి ఎగిరిపోయినా ఇంకోటి మోగుద్ది. మిగతావంటావా, మోగని పనొకటుందని ఎవరికి గుర్తుంటుందమ్మా?"

ఒక తిథి మా ఇంటి మీదుగా నడిచి వెళ్ళిపోతే నేను కూర్చుని పులుసులో ఉప్పు చూసుకున్నాను.

"గాలి ఇవాళ్టితో సరి" అన్నాను. "తలుపు తీయించండి బాబాయ్."

"నేనెలా తీయించనే? గుర్తు మోగందే గడియ వదలదు. ఆ పనిని అతనే మార్చాలి, అతను కిందున్నాడు. గడియ పగలగొడితే నీళ్ళొచ్చి అతని మీదే పడతాయి. నేను చెయ్యి పెడితే ముందుచేత..."

ఒళ్ళు మండిపోయింది నాకు. ఏం అంటున్నానో తెలియలేదు. "మీ ఆవిడ వెళ్ళిపోయిన్నాడు కూడా ఇలాగే చేతులు ముడుచుక్కూచున్నారా?" అనేశాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. గోడకున్న పెట్రోమాక్స్ దీపం తీశాడు.

"గుర్తుకి అష్టమి కావాలి. ఇద్దాం పద" అన్నాడు.

మా డాబా మీదికి నేను దీపం మోసుకెళ్ళాను. ఆయన కింద మా తెర దగ్గర కూర్చుని గుర్తు గడియారాన్ని నిన్నటి సాయంత్రానికి వెనక్కి తిప్పాడు. నిన్నటి సాయంత్రం ఆకాశంలో అష్టమే ఉంది, దాన్ని చూడమని గుర్తుకి చెప్పేవాళ్ళే లేరు. అప్పటికి పొద్దుగూకుతోంది. అద్దపు కన్ను మీద నా పైట కప్పాను. చీకటైందనుకోవాలి కదా పాపం. తర్వాత పైట లాగేసి, వెలిగించిన దీపాన్ని దాని మొహం మీదే పెట్టాను. ఒక యంత్రాన్ని మోసం చేయడానికి మొహం అంత సీరియస్‌గా పెట్టాల్సిన పనేముంది? అయినా ఊపిరి బిగబట్టే నిలబడ్డాను.

ముందు ఊరంతా మోగింది. నిన్న సాయంత్రం పనులన్నీ మళ్ళీ మొదలయ్యాయి. సత్యవేణి మాట్లాడకుండా బాతులకి రెండోసారి మేత వేసింది. వరసగా ఇళ్ళన్నిట్లో వాన తొట్టెల మూతలు మూసి, మూసినవాటినే మూసి, "అయింది" అని కొట్టారు. ఒక్కరంటే ఒక్కరు ఇదేమిటనలేదు. డాబా మీంచి చూస్తూ నేను కొయ్యబారిపోయాను. మేం ఇలా అయిపోయామా?

అప్పుడు మోగింది తలుపు గంట.

డాబా ఎలా దిగానో తెలియదు. చక్రాన్ని నేనూ బాబాయీ కలిసి తిప్పాం. తలుపు జరిగింది. కంపు గాలి మొహాన కొట్టింది. నిచ్చెన మీద ఎవరూ లేరు.

"అబ్బులూ!" అని కేకేశాను. నా గొంతే నాకు తిరిగొచ్చింది.

నేనే దిగాను. నిచ్చెన అడుగున గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. చేతిలో సుత్తి ఉంది, వేళ్ళు విప్పితే రాలేదు. ఎలా పైకి లాగామో ఆ పైవాడికే తెలియాలి. డాబా గాలి తగిలాక దగ్గాడు, కక్కాడు, కళ్ళు తెరిచాడు.

"కొట్టేను మంగా" అన్నాడు. "చేతులు పడిపోయేదాకా కొట్టేను. వినపళ్ళేదేంటే నీకు?"

వినబడలేదని చెబితే సరిపోయేది. నోరు రాలేదు.

"వినపడింది" అన్నాను. "పొద్దుట్నుంచీ వినపడింది. దుంగనుకున్నాను."

నాకు ఏడుపు ఆగలేదు. పులుసు పెడితే తిన్నాడు. ఉప్పు సంగతి ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని ఉంది నాకు.

శుద్ధ దశమి, మధ్యాహ్నం

బాబాయి ఇంటికెళ్ళలేదు. గడియారం సరిచేసి, తెర ముందే కూర్చున్నాడు. పొద్దుట నేను టీ పట్టుకెళ్ళేసరికి ఇంకా కొడుతూనే ఉన్నాడు.

"ఒక్క ముక్క చేర్చానమ్మా" అన్నాడు. "తిథి ఎగిరిపోతే, ఎగిరిపోయినదాని పనుల్ని మర్నాడు తెల్లారగానే మోగించాలి. ఇంకెవడూ కింద ఉండిపోకూడదు."

"పాతవో?"

"పాతవీ మోగుతాయి. మోగితే మోగనీ, మనకొచ్చిన నష్టమేంటి?"

అద్దపు కన్ను మీద ఎండ పడింది. ఇళ్ళల్లో గంటలు మొదలయ్యాయి. ఎప్పటివో, ఎవరెవరివో. ఎవరి ఇంట్లోనో నిమ్మకాయ జాడీ తిప్పాలట, ఆ జాడీ పగిలిపోయే ఎన్నేళ్ళయిందో. సత్యవేణికి తన పెళ్ళిచూపులకి గాజులు తెచ్చుకోమని మోగింది. "పెళ్ళై ముగ్గురు పిల్లలే నాకు!" అని పిట్టగోడ అవతల నవ్వుతోంది. అబ్బులు కూడా మంచం మీంచి నవ్వాడు. నిన్నటి నుంచీ పట్టుకున్న దడ నాకు అప్పుడే కాస్త వదిలింది.

అంతలో దూరంగా ఇంకో గంట మోగింది. ఇంటి గంట కాదు, తలుపు గంట. మాది కాదు. అటు వైపు పాడుబడిన స్తంభాలు తప్ప ఏమున్నాయని? సత్యవేణి నవ్వాపేసింది.

బాబాయి ముందున్న తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. ఆయన భుజం మీంచి నేనూ చదివాను.

"మూడో స్తంభం తలుపు తీయాలి. శుద్ధ అష్టమి. పెట్టినది కనకవల్లి. ఈపాటికి ఆయనకి కోపం తగ్గి ఉంటుంది."

నా చేతిలోని టీ గ్లాసు జారి పగిలింది. ఇద్దరం కిందికి చూడలేదు. సంచి భుజాన వేసుకుని నా గుమ్మం ముందు నుంచి నడిచి వెళ్ళిన మనిషి కళ్ళ ముందు కదిలింది. అలిగినవాళ్ళు మా ఊళ్ళో ఎక్కడికి పోతారో అందరికీ తెలుసు. అయినా ఒక్కరికీ తట్టలేదు. పడవ మాటే బాగుంది మాకు.

"అప్పుడు కూడా కొట్టుకుందమ్మా" అన్నాడు బాబాయి. తెర మీంచి చూపు తిప్పలేదు. "మూడో స్తంభం. రెండు రాత్రులు కొట్టుకుంది. నిద్ర పట్టట్లేదని చెవుల్లో దూది పెట్టుకున్నాను."

నిన్న నేనన్న మాటని ఏం చేసి వెనక్కి తీసుకోను?

గంట మోగుతూనే ఉంది. "అయింది" అని కొడితే ఆగుతుంది. ఆయన కొట్టలేదు. లేచి, కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. మూలనున్న చక్రం పిడి తీసుకున్నాడు. అబ్బులు కూడా గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

గడప దాటబోతూ బాబాయి ఆగాడు. వెనక్కి తిరగలేదు. ఎవరైనా ఏమైనా అంటారేమోనని చూసినట్టు ఆగాడు.

"ఎక్కడికి బాబాయ్?" అన్నాను.

సత్యవేణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ఊళ్ళో ఆ మాట పైకి అనగా నేనెప్పుడూ వినలేదు.

"మా ఆవిణ్ణి తీసుకురాడానికి" అన్నాడు.

మేం కూడా ఆయన వెనకాలే బయల్దేరాం.